గాజు పలకల మీద ఆకాశం: వైను బప్పు జీవితం

ఈ రోజుల్లో ఫోను లేని చేయి అరుదు. కింద పడితే పగలకుండా ఆ ఫోనుకు తొడిగే కవరు కూడా అంతే అవసరమైన వస్తువు అయిపోయింది. పూలు, దేవతలు, సినిమా నటులు ముద్రించిన కవర్లు మనకు చిరపరిచితమే. వాటి సరసన ఇప్పుడు మరొక రకం కూడా అమ్ముడవుతోంది. అవి పాత కాలపు ఖగోళ ఛాయాచిత్రాలను అచ్చు వేసిన కవర్లు. గుంతలతో నిండిన చంద్రబింబం, పొడవైన తోకచుక్క, సంపూర్ణ గ్రహణ సమయంలో నల్లని సూర్యుని చుట్టూ వెలిగే కాంతి కిరీటం, పొగ వలె పరచుకొన్న దూరపు నక్షత్ర సమూహం వాటి మీద కనిపిస్తాయి. చాలా పాతవి గనుక వాటిలో అనేకం హక్కుల గడువు తీరిన చిత్రాలు, ఎవరైనా ముద్రించుకొనవచ్చును. యువతీయువకులు ముచ్చటపడి కొంటారు. రంగు వెలిసిన తరువాత పారవేస్తారు.

అటువంటి కవరు మీద సాధారణంగా మూడు సంగతులు కనిపించవు. ఆ చిత్రం ఏ రాత్రి తీసినది? ఏ ఊరిలో తీసినది? ఎవరు తీసినది? ఈ మూడూ చెరిగిపోతే మిగిలేది అలంకారం మాత్రమే. ఈ మూడూ ఉన్నంతవరకు ఆ చిత్రం ఒక సాక్ష్యం. మన పొలానికి పహణి ఎటువంటిదో, ఆకాశానికి తేదీ వేసిన ఛాయాచిత్రం అటువంటిది. ఫలానా రోజున, ఫలానా చోట, ఇది ఇలా ఉండినది అని అది తరువాతి తరాలకు చెబుతుంది.

అటువంటి సాక్ష్యాలను తీయటంలోను, చదవటంలోను తన ఆయుష్షును వెచ్చించిన ఒక మహనీయుడు హైదరాబాదులో పెరిగి పెద్దవాడయ్యారు. చివరి సంవత్సరాలలో మన బెంగళూరు నుండి దేశపు ఖగోళ పరిశోధనను నడిపించారు. ఆయన పేరు మనాలి కల్లట్ వైను బప్పు. సరిహద్దు గ్రామాలలో నివసించే మనకు ఆయన రెండు విధాల దగ్గరివాడు. ఆయన బాల్యం తెలుగు నేల మీద గడిచింది. ఆయన స్థాపించిన సంస్థ కన్నడ నేల మీద వెలసింది.

ఒక చిత్రం వెనుక ఒక రాత్రి

ఆయన జీవితాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు గాజు పలకను గూర్చి కొంత తెలుసుకొనవలె. ఇప్పటి వలె మీట నొక్కగానే చిత్రం వచ్చే కాలం కాదది. పలుచని గాజు పలక మీద వెండి లవణం కలిపిన జిగురు పూత పూసి, చీకటి గదిలో భద్రపరిచేవారు. రాత్రి ఆ పలకను దూరదర్శినిలో అమర్చి, నక్షత్రాల మందమైన కాంతి దాని మీద పడేటట్లు చేసేవారు. నక్షత్రం ఎంత మసకగా ఉంటే అంత సేపు పలకను తెరచి ఉంచవలె. కొన్నింటికి నిమిషాలు చాలును, కొన్నింటికి గంటలు పట్టును.

భూమి తిరుగుతూ ఉంటుంది గనుక ఆకాశం కదులుతున్నట్లు తోస్తుంది. ఆ కదలికను వెంబడిస్తూ దూరదర్శిని కూడా నెమ్మదిగా తిరగవలె. అందుకు గడియారం వంటి యంత్రం ఉండేది. అయినా దాని మీదనే భారం వేయటానికి వీలులేదు. పరిశీలకుడు ఒక నక్షత్రాన్ని గురిగా పెట్టుకొని, కన్ను ఆర్పకుండా చూస్తూ, అది గురి తప్పినప్పుడల్లా చేతితో సవరించవలె. ఒక్కసారి ఏమరుపాటు కలిగితే చుక్కలు గీతలుగా మారిపోతాయి. ఆ రాత్రి శ్రమ వ్యర్థమవుతుంది. పట్టుపురుగులకు అర్ధరాత్రి లేచి మల్బరీ ఆకు వేసే మన ఇళ్లలోని వారికి ఈ జాగరణ ఎటువంటిదో వేరుగా చెప్పనక్కరలేదు. నాలుగు జ్వరాలు దాటి, చంద్రికల మీద గూళ్లు కట్టేదాకా వారికి నిద్ర ఎట్లుండదో, పలక కడిగి చూచేదాకా పరిశీలకునికి కూడా అట్లే.

పలకను రసాయనాలలో కడిగిన తరువాత నక్షత్రాలు నల్లని చుక్కలుగాను, ఆకాశం తేట గాజుగాను కనిపిస్తుంది. మనం ఫోను కవరు మీద చూచే నల్లని ఆకాశం, తెల్లని చుక్కలు దానిని తిరగవేసి అచ్చు వేసిన రూపం. అసలు పలక అంచున గాని, దాని సంచి మీద గాని, పక్కనున్న పుస్తకంలో గాని తేదీ, గంట, ఎంత సేపు తెరచి ఉంచినది, ఆకాశంలో ఏ దిక్కు అనేవి వ్రాసి పెట్టేవారు. ఆ వ్రాత లేని పలకకు శాస్త్రంలో విలువ బహు తక్కువ.

తెలుగు దేశంలో ఇట్టి పని కొత్తది కాదు. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణం గుంటూరు మీదుగా సాగినప్పుడు, ఆంగ్లేయ సైనికాధికారి టెనెంట్ నాయకత్వంలో ఒక బృందం అక్కడ విడిది చేసి గ్రహణాన్ని ఛాయాచిత్రాలుగా తీసింది. అదే గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ కూడా సూర్యుని అంచున ఎగసే జ్వాలల కాంతిని విడదీసి పరిశీలించారు.

హైదరాబాదు వేధశాల నీడలో

1901లో హైదరాబాదులో నవాబు జఫర్ జంగ్ తన సొంత ఖర్చుతో ఒక వేధశాలను ప్రారంభించారు. ఆయన మరణానంతరం 1908లో నిజాం ప్రభుత్వం దానిని స్వీకరించింది. నిజామియా వేధశాల అని దానికి పేరు. బేగంపేటలో స్థిరపడిన ఆ వేధశాల ఒక గొప్ప ప్రపంచ కార్యంలో పాలుపంచుకొన్నది. ఆకాశాన్నంతటినీ ముక్కలుగా పంచుకొని, ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క వేధశాల గాజు పలకల మీద చిత్రించి, నక్షత్రాల పట్టిక తయారు చేయవలెనని 1887లో పారిస్ నగరంలో నిర్ణయించారు. సుమారు 20 వేధశాలలు ఆ పనిని భుజాన వేసుకొన్నవి. వాటిలో హైదరాబాదు ఒకటి.

హైదరాబాదువారు పలకలు తీయటమే గాక, ఒక్కొక్క నక్షత్రపు స్థానాన్ని సూక్ష్మదర్శిని కింద కొలిచి అంకెలు వ్రాశారు. 1917 నుండి 1946 వరకు 12 సంపుటాలు వెలువడినవి. వాటిలో ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల కొలతలు ఉన్నవి. నగరం నిద్రించే వేళ మేలుకొని పలకలు తీసినవారు, పగలంతా కూర్చుని అంకెలు వేసినవారు ఎందరో. వారిలో పెక్కుమంది పేర్లు లోకానికి తెలియవు.

ఆ వేధశాలలో ఉద్యోగం చేసినవారిలో వైను బప్పు తండ్రి ఒకరు. వారి స్వస్థలం కేరళలోని మలబారు ప్రాంతం. వైను బప్పు 1927 ఆగస్టు 10న మద్రాసులో జన్మించారు. తల్లిదండ్రులకు ఆయన ఏకైక సంతానం. తండ్రి కొలువు కారణంగా బాల్యం, చదువు అంతా హైదరాబాదులోనే సాగినవి. ఇతర పిల్లలకు ఆకాశం కథలలోని వస్తువు అయితే, ఈ బాలునికి అది తండ్రి పనిచేసే చోటు. దూరదర్శిని, గాజు పలక, చీకటి గది, నక్షత్రాల పట్టిక ఆయనకు చిన్ననాడే ఇంటి మాటలైనవి.

నిజాం కళాశాలలో భౌతిక శాస్త్రం చదువుతూనే ఆయన కాంతి హెచ్చుతగ్గులయ్యే నక్షత్రాలను పరిశీలించి, తన ఫలితాలను ప్రచురించటం మొదలుపెట్టారు. అప్పటికి మన దేశంలో ఖగోళ శాస్త్రాన్ని ఉన్నత స్థాయిలో నేర్పే అవకాశాలు స్వల్పం. పెద్ద దూరదర్శినులన్నీ విదేశాలలోనే ఉండేవి. హైదరాబాదు ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థి వేతనంతో 1949లో ఆయన అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చేరుకొన్నారు.

పలక మీద దొరికిన తోకచుక్క

హార్వర్డ్ చేరి కొన్ని నెలలు గడిచినవో లేదో, ఆయన పేరు ఆకాశానికి ఎక్కింది. 1949 జూలై 2వ తేదీ రాత్రి ఆయన ఎప్పటివలె ఆకాశ చిత్రణలో నిమగ్నులై ఉన్నారు. తీసిన పలకను పరిశీలించగా, నక్షత్రాల నడుమ ఉండకూడని ఒక మసక గుర్తు కనిపించింది. నక్షత్రాలను వెంబడిస్తూ తీసిన పలకలో నక్షత్రాలు చుక్కలుగా నిలుస్తాయి. వాటి మధ్య తన దారిన తాను కదిలే వస్తువు మాత్రం చెదరిన గీత వలె పడుతుంది. అది మచ్చా, పూత లోపమా, నిజంగానే ఆకాశంలో ఉన్నదా అని తేల్చుకోవటమే పరిశీలకుని విద్య.

అది కొత్త తోకచుక్క అని తేలింది. ఆచార్యులు బార్ట్ బాక్, సహాధ్యాయి గోర్డన్ న్యూకర్క్ ఆ నిర్ధారణలో తోడ్పడినారు. అందువలన ఆ తోకచుక్కకు బప్పు, బాక్, న్యూకర్క్ అని ముగ్గురి పేర్లు కలిపి పెట్టారు. అది మరల సూర్యుని చెంతకు రావటానికి సుమారు 60,000 ఏళ్లు పట్టునని అప్పటి లెక్క. ఈ ఆవిష్కరణకు పసిఫిక్ ఖగోళ సంఘంవారు ఆయనకు డోనహో పతకం ఇచ్చి గౌరవించారు. తోకచుక్కను కనుగొన్న నాటికి ఆయన వయస్సు 21 సంవత్సరాలు.

ఆ తోకచుక్కను మన జీవితాలలో మరల చూడటం అసాధ్యం. అది వచ్చి వెళ్లినదనటానికి మిగిలినవి ఆనాటి పరిశీలనలు, చిత్రాలు మాత్రమే. హార్వర్డ్ భాండాగారంలో ఐదు లక్షలకు పైగా గాజు పలకలు ఉన్నవి. ఇటీవలి సంవత్సరాలలో వాటిలో అధిక భాగాన్ని కంప్యూటరులోకి ఎక్కించారు. వంద ఏళ్ల కిందట ఒక నక్షత్రం ఎంత వెలిగినదో నేటి విద్యార్థి చూడగలుగుతున్నాడంటే, ఆనాడు తేదీ వ్రాసి పెట్టిన చేతుల చలవ అది.

నక్షత్రపు సంతకం

1952లో బప్పు డాక్టరేటు పూర్తి చేశారు. పిదప కార్నెగీ సంస్థ పరిశోధక వేతనంతో కాలిఫోర్నియాలోని విల్సన్ పర్వతం, పాలమార్ వేధశాలలకు వెళ్లారు. ఆనాటికి ప్రపంచంలోని అతి పెద్ద దూరదర్శినులు అక్కడనే ఉండేవి. అక్కడ ఓలిన్ విల్సన్ అనే శాస్త్రవేత్తతో కలిసి ఆయన చేసిన పరిశోధన నేటికీ పాఠ్యగ్రంథాలలో ఉన్నది.

దాని సారాంశం కష్టమైనది కాదు. నక్షత్ర కాంతిని ఇంద్రధనుస్సు వలె విడదీసి గాజు పలక మీద చిత్రిస్తే, నడుమ నడుమ నల్లని గీతలు కనిపిస్తాయి. ఒక్కొక్క గీత ఒక్కొక్క మూలకపు గుర్తు. వాటిలో సున్నంలో ఉండే కాల్షియం వలన కలిగే ఒక వెడల్పైన గీత ఉంది. సూర్యుని వంటి, సూర్యుని కంటె చల్లనైన నక్షత్రాలలో ఆ నల్లని గీత నడుమ సన్నని వెలుగు గీత ఒకటి తొంగి చూస్తుంది. ఆ వెలుగు గీత ఎంత వెడల్పుగా ఉంటే నక్షత్రం అంత ప్రకాశవంతమైనదని వారిద్దరూ కనుగొన్నారు.

దీని ప్రయోజనం ఏమి? రాత్రి దూరాన ఒక దీపం కనిపించినదనుకొందాం. అది దగ్గరలోని చిన్న బల్బో, దూరంలోని పెద్ద లైటో చూచి చెప్పలేము. ఆ బల్బు ఎన్ని వాట్లదో ముందే తెలిస్తే, కంటికి కనిపించే వెలుగును బట్టి అది ఎంత దూరాన ఉన్నదో లెక్క కట్టవచ్చును. నక్షత్రాల విషయంలో ఆ వాట్ల సంఖ్యను చెప్పే గుర్తు ఈ వెలుగు గీత. కనుక పలక మీద గీత వెడల్పు కొలిచి నక్షత్రపు దూరం చెప్పే మార్గం ఒకటి ఏర్పడింది. 1957లో వెలువడిన ఈ ఫలితాన్ని విల్సన్, బప్పు ప్రభావం అని పిలుస్తారు.

ఇంతటి పేరు వచ్చిన యువకునికి అమెరికాలోనే స్థిరపడటం కష్టం కాదు. పెద్ద దూరదర్శినులు, నిర్మలమైన ఆకాశం, సమర్థులైన సహచరులు, అన్నీ అక్కడ ఉన్నవి. ఇక్కడ ఆ వసతులలో ఒక్కటీ లేదు. అయినా ఆయన 1953లో భారతదేశానికి తిరిగి వచ్చారు. ఆ నిర్ణయమే ఆయన జీవితంలోని అసలు మలుపు. చేతిలో ఉన్న గొప్ప పనిముట్టును విడిచి, పనిముట్టే లేని చోటికి రావటం సామాన్యమైన సాహసం కాదు.

నైనిటాల్ నుండి కొడైకెనాల్

1954లో ఉత్తర ప్రదేశ్ ప్రభుత్వం వారణాసిలో ఒక వేధశాలను నెలకొల్పింది. ఆ సంవత్సరమే బప్పు దాని బాధ్యతలు చేపట్టారు. గంగా తీరపు మైదానంలో ధూళి, పొగమంచు ఎక్కువ. ఆకాశం బాగుండే చోటును వెదకి ఆయన ఆ వేధశాలను 1955లో హిమాలయాల ఒడిలోని నైనిటాల్‌కు తరలించారు. సరైన స్థలాన్ని ఎన్నుకోవటం దూరదర్శినిని కొనటమంత ముఖ్యమని ఆయన ఆనాడే గ్రహించారు.

1960లో, 33 ఏళ్లు నిండక మునుపే, ఆయన తమిళనాడులోని కొడైకెనాల్ వేధశాలకు సంచాలకులైనారు. 1899లో ఏర్పడిన ఆ వేధశాల సూర్యుని పరిశీలించటానికి ప్రసిద్ధి. మబ్బులేని ప్రతి ఉదయం సూర్యబింబాన్ని చిత్రించటం అక్కడ 20వ శతాబ్దపు తొలి సంవత్సరాల నుండి నిత్యవ్రతం వలె సాగుతూ వచ్చింది. 1909లో ఎవర్షెడ్ అనే శాస్త్రవేత్త సూర్యుని మచ్చలలో వాయువులు వెలుపలికి ప్రవహించటాన్ని అక్కడనే కనుగొన్నారు.

ఇక్కడ ఒక చక్కని సంగతి గమనింపదగినది. కొడైకెనాల్‌లో సూర్యుని చిత్రించే పద్ధతులలో ఒకటి కాల్షియం గీత కాంతిలో చిత్రించటం. అమెరికాలో బప్పు నక్షత్రాలలో చూచినది కూడా ఆ గీతనే. దూరపు నక్షత్రం చుక్కగా మాత్రమే కనిపిస్తుంది. దాని ఉపరితలం మీద ఏమి జరుగుతున్నదో తెలియదు. సూర్యుడు మనకు దగ్గరి నక్షత్రం గనుక ఆ వెలుగు ఎక్కడి నుండి వస్తున్నదో బింబం మీదనే చూడవచ్చును. నక్షత్రాలలో తాను కనుగొన్న నియమానికి మూలం ఏమిటో తెలుసుకొనటానికి బప్పు సూర్యుని వైపు తిరిగి, తన సహచరులతో కలిసి ఆ కాల్షియం వెలుగును సూక్ష్మంగా పరిశోధించారు.

ఆ పలకల విలువ కాలం గడిచే కొద్దీ పెరుగుతూ వచ్చింది. సూర్యుని మచ్చలు సుమారు 11 ఏళ్లకు ఒకసారి హెచ్చి తగ్గుతాయి. అటువంటి చక్రాలు పది గడచినప్పుడు గాని వాటి తీరు తెలియదు. ఒక మనిషి తన ఉద్యోగ కాలంలో మూడు చక్రాలు చూడగలిగితే గొప్ప. కనుక ముందు తరం తీసిన పలకలను వెనుక తరం కాపాడితేనే ఆ విద్య ముందుకు సాగుతుంది. కొడైకెనాల్ పలకలను ఈ శతాబ్దంలో కంప్యూటరులోకి ఎక్కించి ప్రపంచ పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు.

జవ్వాది కొండలలో చీకటిని వెదకి

సూర్యునికి కొడైకెనాల్ సరిపోయినను, రాత్రి నక్షత్రాలకు అది అనువైన చోటు కాదు. మబ్బులు అధికం. బప్పు దక్షిణ భారతంలో మరొక చోటు కొరకు అన్వేషించారు. నగర దీపాల కాంతి సోకని చీకటి, తక్కువ మబ్బులు, దక్షిణపు ఆకాశం కూడా బాగా కనిపించే స్థానం ఆయనకు కావలసినవి. తమిళనాడులో, ఇప్పటి తిరుపత్తూరు జిల్లాలోని జవ్వాది కొండలలో కావలూరు అనే పల్లె వద్ద ఆ చోటు దొరికింది. చుట్టూ అడవి. అక్కడ 1960వ దశకం చివరలో 38 సెంటీమీటర్ల దూరదర్శినితో పని ప్రారంభమైంది. ఆ దూరదర్శినిని కొడైకెనాల్ కార్ఖానాలో స్వయంగా తయారు చేసుకొన్నారు.

1972లో కావలూరుకు జర్మనీ నుండి జైస్ సంస్థవారి 102 సెంటీమీటర్ల దూరదర్శిని వచ్చింది. ఆ సంవత్సరమే జూన్ నెలలో బృహస్పతి ఉపగ్రహమైన గానిమీడ్ ఒక నక్షత్రానికి అడ్డు వచ్చినప్పుడు కావలూరువారు పరిశీలించి, ఆ ఉపగ్రహానికి పలుచని వాతావరణం ఉన్నట్లు సూచనలు కనుగొన్నారు. 1977 మార్చి 10న యురేనస్ గ్రహం ఒక నక్షత్రాన్ని కప్పే వేళ, నక్షత్ర కాంతి ముందుగానే ఒక క్షణం తగ్గి మరల పెరగటాన్ని గమనించారు. అదే రాత్రి అమెరికా శాస్త్రవేత్తలు విమానం నుండి చేసిన పరిశీలనలో ఇట్టి తగ్గుదలలు అనేకం నమోదై, శని వలె యురేనస్‌కు కూడా వలయాలు కలవని తేలింది. ఆ నిర్ధారణలో కావలూరుకు కూడా భాగం ఉన్నది.

ఈ రెండు పరిశీలనలను గాజు పలకతో గాక, కాంతిని క్షణక్షణం కొలిచే విద్యుత్ పరికరంతో చేశారు. పలకను ప్రేమించిన బప్పు కొత్త పనిముట్టును కాదనలేదు. ఏ పనిముట్టు అయినా, ఎప్పుడు, ఎక్కడ, ఎట్లు చూచినది అనే వ్రాత సరిగా ఉండవలెననేదే ముఖ్యం.

బెంగళూరు, గౌరీబిదనూరు

వాతావరణ శాఖ కింద ఉండిన కొడైకెనాల్ వేధశాల 1971 ఏప్రిల్‌లో స్వతంత్ర సంస్థగా మారి భారతీయ ఖగోళభౌతిక సంస్థ అయినది. దానికి బప్పు తొలి సంచాలకులు. 1975లో ఆ సంస్థ ప్రధాన కార్యాలయం బెంగళూరులోని కోరమంగలకు వచ్చింది. మన జిల్లాకు కూడా ఆ కాలంలోనే ఒక గౌరవం దక్కింది. ఈ సంస్థ, రామన్ పరిశోధన సంస్థ కలిసి గౌరీబిదనూరు వద్ద ఒక రేడియో దూరదర్శినిని నిర్మించినవి. 1976 నుండి పనిచేసిన ఆ నిర్మాణంలో వేయి యాంటెన్నాలు ఆంగ్ల అక్షరం టీ ఆకారంలో పొలాల నడుమ బారులు తీరి ఉండేవి. కంటికి కనిపించని రేడియో తరంగాలతో ఆకాశాన్ని చిత్రించటం దాని పని. గౌరీబిదనూరు అప్పుడు కోలారు జిల్లాలో ఉండేది. 2007లో చిక్కబళ్లాపురం జిల్లా ఏర్పడినప్పుడు మన జిల్లాలోకి వచ్చింది. అంతర్జాతీయ శాస్త్రగ్రంథాలలో గౌరీబిదనూరు పేరు కనిపించటం మన పిల్లలు తెలుసుకోవలసిన సంగతి.

బప్పు మనస్సులో మరొక పెద్ద కోరిక ఉండేది. దేశంలోనే రూపొందించి, దేశంలోనే అద్దం సానబట్టి, పెద్ద దూరదర్శినిని నిలబెట్టవలెనని ఆయన సంకల్పం. కొని తెచ్చుకొన్న యంత్రం పాడైతే విదేశీయుని కొరకు ఎదురు చూడవలె. మన చేతులతో చేసుకొన్నదానిని మనమే బాగుచేసుకొనగలం. అద్దం వ్యాసం 234 సెంటీమీటర్లు, అనగా సుమారు ఏడున్నర అడుగులు. ఆ అద్దాన్ని బెంగళూరులోని సంస్థ కార్ఖానాలోనే నెలల తరబడి అరగదీసి నునుపు చేశారు.

ఈ మధ్య కాలంలో ఆయనను ప్రపంచం కూడా గౌరవించింది. 1970లో భట్నాగర్ పురస్కారం, 1981లో పద్మభూషణ్ లభించినవి. 1979లో ఆయన అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య అధ్యక్షులుగా ఎన్నికైనారు. ఆ పీఠం మీద కూర్చున్న భారతీయుడు ఆయన ఒక్కరే.

1982 ఆగస్టులో ఆ సమాఖ్య మహాసభ గ్రీసు దేశంలోని పాట్రస్ నగరంలో జరగవలసి ఉండగా, బప్పు గుండె శస్త్రచికిత్స కొరకు జర్మనీలోని మ్యూనిక్‌లో చేరారు. అక్కడనే ఆగస్టు 19న కన్నుమూశారు. 55వ జన్మదినం గడచి తొమ్మిది రోజులే అయినవి. తాను కలగన్న పెద్ద అద్దం ఆకాశాన్ని చూడటం ఆయన చూడలేదు. 1986 జనవరి 6న అప్పటి ప్రధాని రాజీవ్ గాంధీ కావలూరులో ఆ దూరదర్శినిని జాతికి అంకితం చేశారు. దూరదర్శినికీ, ఆ వేధశాలకూ వైను బప్పు పేరే పెట్టారు. అంగారక, బృహస్పతి గ్రహాల నడుమ తిరిగే ఒక చిన్న గ్రహానికి కూడా ఆయన పేరు ఉన్నది. దాని సంఖ్య 2596.

మనకు మిగిలిన కర్తవ్యం

ఆయన పెరిగిన బేగంపేట వేధశాలకు నగరపు వెలుగులు శత్రువులైనవి. ఉస్మానియా విశ్వవిద్యాలయంవారు పరిశీలనల కొరకు హైదరాబాదుకు దూరంగా జపాల, రంగాపూర్ గ్రామాల వద్ద మరొక వేధశాలను నిర్మించుకొనవలసి వచ్చింది. ఆ చరిత్ర మనకు దూరమైనది కాదు. బెంగళూరు పెరుగుతున్నకొద్దీ రాత్రి ఆ దిక్కున ఆకాశం తెల్లబారుతోంది. సాదలి పరిసరాలలో, బాగేపల్లి గుట్టలలో ఇంకా కొంత చీకటి మిగిలి ఉన్నది. అవసరం లేని వీధిదీపాన్ని ఆకాశం వైపు గాక నేల వైపు తిప్పితే కరెంటూ మిగులుతుంది, నక్షత్రాలూ మిగులుతాయి.

ఫోను కవరు మీద పాత ఖగోళ చిత్రం ఉండటంలో తప్పేమీ లేదు. ఆ విధంగానైనా చంద్రుడు, తోకచుక్క పిల్లల చేతికి వచ్చినందుకు సంతోషించవలె. కొన్నవారు ఒక్క పని చేస్తే మేలు. ఆ చిత్రం ఎప్పుడు, ఎక్కడ, ఎవరు తీసినదో వెదకి పిల్లలకు చెప్పవలె. ఆ కవరు లోపల ఉన్న ఫోనులోనే ఆ సమాచారం దొరుకుతుంది. ఇంటిలో కన్నడ బడికి పోయే పిల్లవాడు కన్నడంలోను, తెలుగు చదివే పిల్ల తెలుగులోను నాలుగు వాక్యాలు వ్రాసుకొంటే, అదే ఒక చక్కని పాఠం.

మన ఇళ్లలోని పెట్టెలలో కూడా పాత ఛాయాచిత్రాలు ఉంటాయి. అటు హిందూపురం, మదనపల్లి వైపు ఇచ్చిన ఆడపడుచుల పెళ్లి ఫొటోలు, ఇటు కోలారు బంగారు గనిలో పనిచేసిన తాతల ఫొటోలు ఎన్నో. అందులో ఉన్నది ఎవరో చెప్పగల పెద్దలు ఇంకా కొందరు ఉన్నారు. వారు ఉండగానే వెనుక వైపు పేరు, ఊరు, సంవత్సరం వ్రాయించుకొందాం. తేదీ వ్రాసి పెట్టిన చిత్రం నూరేళ్ల తరువాత కూడా మాట్లాడుతుందని హైదరాబాదు గాజు పలకలు, కొడైకెనాల్ గాజు పలకలు నిరూపించినవి. ఆ మాటను వినటానికి జీవితాన్ని ధారపోసిన వైను బప్పును మన పిల్లలకు పరిచయం చేయటం మన బాధ్యత.